కుక్క మీ ఇంట్లో కుదరకపోతే ఇంకో ఇల్లు చూడండి, ఊరవతల వదలకండి

రెస్క్యూ కుక్కను, అంటే ఎవరో కాపాడి పెంపకానికి ఇచ్చినదాన్ని, తెచ్చుకున్నాక కుదరకపోతే వేరే ఇంటికి ఇవ్వడం తప్పు కాదు. ఈ మాట అంటే చాలు, "సాదలేనోళ్లు ఎందుకు తెచ్చుకున్నరు?" అని మీద పడతారు. ఆ తిట్లకు భయపడే కొందరు చీకటి పడ్డాక కుక్కను కారెక్కించి ఊరు దాటాక దింపేస్తారు. పొద్దున "గేటు తీసి ఉంటే పారిపోయింది" అంటారు. మనిషి చేతి అన్నం తిని పెరిగిన కుక్కకు రోడ్డు మీద లారీల సంగతి తెలియదు, అక్కడి కుక్కల గుంపు దాన్ని దగ్గరికి రానివ్వదు. తిండికీ నీళ్లకూ అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం కూడా. మున్సిపాలిటీకి అప్పజెప్తామంటారా? 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం వాళ్లు వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. మీ కుక్కను ఉంచుకునే ఏర్పాటు కాదది.

అయితే మొదటి వారంలోనే నిర్ణయం తీసుకోవద్దు. కొత్త ఇంట్లో మొదటి మూడు రోజులు చాలా కుక్కలు మంచం కిందే ఉంటాయి, సరిగా తినవు. అసలు స్వభావం మూడు వారాలకు బయటపడుతుంది, ఇంటి పద్ధతికి అలవాటు పడేసరికి మూడు నెలలు పట్టొచ్చు. ఉన్నట్టుండి కరవబోతుంటే ముందు నొప్పిని అనుమానించండి. చెవిలో చీము, పంటి నొప్పి, కీళ్ల నొప్పి ఉన్న కుక్క ముట్టుకుంటే గుర్రుమంటుంది. మన దగ్గర గోమార్ల (పిడుదుల) జ్వరం మామూలే, కాబట్టి రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూపించండి. ఇంట్లో మూత్రం పోస్తుంటే ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. పశువుల డాక్టరుకు చూపించకుండా "ఇది మొండిది" అని ముద్ర వేయడం అన్యాయం.

ఆరోగ్యం బాగుండి కూడా కుదరని సందర్భాలు నిజంగానే ఉంటాయి. పొద్దున తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఆరుకు వచ్చే ఇంట్లో పరుగులు కావాల్సిన ఏడాది కుక్క. బెల్టు లాగితే పడిపోయే పెద్దవాళ్లు. ఒకదాన్నొకటి రక్తం వచ్చేలా కొట్టుకునే రెండు ఆడకుక్కలు. తిండి దగ్గరికి వస్తే పసిపిల్లల మీదికి దూకే కుక్క. ఈ చివరిదానికి మూడు నెలలు ఆగే పని లేదు, ఆ రోజు నుంచే పిల్లలను, కుక్కను వేరువేరుగా ఉంచి ఇల్లు వెతకండి. పన్ను దిగితే పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి, రేబీస్ సూది కోసం వరంగల్ ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. కుక్కకు టీకా వేయించామని ఇంట్లో కూర్చోవద్దు.

ఇచ్చేముందు గర్భం రాకుండా ఆపరేషన్ చేయించండి. ఆపరేషన్ కాని జాతి ఆడకుక్కను ఉచితంగా ఇస్తే కుక్కపిల్లల వ్యాపారం చేసేవాడే ముందు వస్తాడు. ఆ తర్వాత ముఖ్యమైనది నిజం చెప్పడం. "కొంచెం అల్లరి" అని రాయకండి. ఎవరిని కరిచింది, ఎప్పుడు, అప్పుడు ఏం జరుగుతోంది, ఎంత లోతు దిగింది, అన్నీ రాయండి. కాటు దాచి ఇస్తే రెండో ఇంట్లో ఒక పిల్లవాడికి గాయమవుతుంది, ఆ కుక్కకు మూడో ఇల్లు దొరకదు. వదిలేయడం తర్వాత నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

తీసుకునేవాళ్ల ఇంటికి వెళ్లి చూడండి. ప్రహరీ ఎంత ఎత్తుంది, గేటు కింద కుక్క దూరే సందు ఉందా? కిరాయి ఇల్లయితే ఓనరుతో మీరే మాట్లాడండి. ఇంట్లో పెద్దావిడకు ఇష్టం లేకపోతే ఆ కుక్క నెలలో తిరిగొస్తుంది. బతుకమ్మకు ఊరెళ్తే, మేడారం పోతే ఎవరి దగ్గర ఉంచుతారో కూడా అడగండి. వాళ్లకు ముందే కుక్క ఉంటే గేటు లోపల కలపకండి. ఇద్దరు మనుషులు చెరొక కుక్కను పట్టుకుని, బయట ఇరవై అడుగుల ఎడంతో ఒకే దిక్కుకు నడిపిస్తూ మెల్లగా దగ్గరికి తేవాలి.

అప్పజెప్పేది పొద్దున పూట పెట్టుకోండి, దీపావళి వారం కాకుండా చూసుకోండి. భయపడ్డ కుక్క వెనక్కి గుంజుకుంటే మెడపట్టీ తలలోంచి ఊడొస్తుంది. అందుకే మెడపట్టీకి ఒక తాడు, ఛాతీ బెల్టుకు ఒక తాడు. మొదటి రెండు మూడు వారాలు ప్రహరీ లోపల కూడా తాడు వదలొద్దు. అన్నం, గుడ్డు తిన్నదానికి ఒక్కసారిగా ప్యాకెట్ తిండి పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. వారం రోజుల తిండి మీరే పంపండి, కొత్తది పావు వంతు నుంచి పెంచుకుంటూ పోవాలి. ఉతకని పాత దుప్పటి, టీకాల కార్డు, మందుల చీటీ కూడా ఇవ్వండి. పదిహేను రోజులు చూసుకునే గడువు పెట్టి, కుదరకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మీకే తిరిగి ఇస్తామని కాగితం మీద సంతకం తీసుకోండి. వాళ్లు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా ఎత్తండి.

తిట్టేవాళ్లను ఒకటే అడుగుతున్నా. కుక్క కుదరలేదని ఎవరైనా ధైర్యం చేసి చెప్తే, ఏ సమస్య వచ్చింది, డాక్టరుకు చూపించారా అని అడగండి. ఇల్లు దొరికేదాకా పది రోజులు మీ దగ్గర ఉంచుకోగలరేమో చెప్పండి.