కోటి కారు నలభై లక్షలకే అంటున్న మెసేజ్ చెప్పని ఖర్చులు

ఈమధ్య శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "నెక్సాన్ ఈవీ లాంటి కారు ఉన్నవాళ్లు వెంటనే అమ్మేయండి. పైన కొంత వేసుకుంటే కోటి రూపాయల ఆడి ఈ-ట్రాన్, జాగ్వార్ ఐ-పేస్, మెర్సిడెస్ ఈక్యూసీ సెకండ్ హ్యాండ్‌లో నలభై లక్షలకే దొరుకుతున్నాయి. అదీ కరెంటు కారే కాబట్టి కిలోమీటరుకి రూపాయే. ఇంజనే లేదు, ఇక మెయింటెనెన్స్ ఎక్కడిది? బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ. హైవే మీద అరగంటలో ఛార్జింగ్. పాత బండి కాబట్టి ట్యాక్స్ ఉండదు, ఇన్సూరెన్స్ తక్కువ."

మా బావమరిది దీన్ని నాకు పంపి, "బావా, నా నెక్సాన్ బేరానికి పెట్టేయమంటావా?" అని అడిగాడు. వాడి కారు లోను ఈ మధ్యే తీరింది. ఇప్పుడు మళ్లీ పాతిక లక్షలు అప్పు చేద్దామని చూస్తున్నాడు. వాడికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. లగ్జరీ కార్ల మీద నాకేమీ కోపం లేదు. ఈ-ట్రాన్ లోపల కూర్చుంటే ఆ నిశ్శబ్దం, ఆ సీట్లు నిజంగానే వేరు. కానీ మెసేజ్ చూపించేది కొనే ధర ఒక్కటే. కారు ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు గురించి ఒక్క ముక్క లేదు. సగం ధరకి కొన్నంత మాత్రాన దాని టైరు, దాని అద్దం, దాని హెడ్‌లైటు సగం ధరకి రావు. అవన్నీ కోటి రూపాయల కారు ధరల్లోనే ఉంటాయి.

మొదటి మాట, "కోటి కారు నలభై లక్షలకే, లాభమే కదా" అన్నది. ఆ ధర ఎందుకు పడిపోయిందో ముందు చూడాలి. ఈక్యూసీ మన దేశానికి 2020లో వచ్చింది, ఈ-ట్రాన్, ఐ-పేస్ 2021లో వచ్చాయి. మూడూ కోటి రూపాయలకి కాస్త అటూ ఇటూ. మూడూ విదేశాల్లో తయారై పూర్తి కారుగా దిగుమతి అయినవే. ఈక్యూసీ తయారీ 2023లో ఆపేశారు, ఐ-పేస్ తయారీ కూడా ఆగిపోయింది. ఈ-ట్రాన్ తయారైన బ్రస్సెల్స్ ఫ్యాక్టరీని ఆడి 2025 ఫిబ్రవరిలో మూసేసింది. ఫ్యాక్టరీ మూసేసినంత మాత్రాన స్పేర్ పార్టులు రేపే ఆగిపోవు. కానీ ఇలాంటి కారుకి ఏళ్లు గడిచేకొద్దీ పార్టు ఖరీదూ పెరుగుతుంది, అది వచ్చేదాకా ఎదురుచూపూ పెరుగుతుంది.

ధర పడిపోవడానికి రెండో కారణం కొత్త కార్లు. 2024 నవంబరులో వచ్చిన మహీంద్రా ఎక్స్ఈవీ 9ఈలో 79 కిలోవాట్ అవర్ (అంటే 79 యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీ ఉంది. ఆ బ్యాటరీతో టాప్ మోడల్ ఎక్స్‌షోరూం ధర 30.50 లక్షలుగా ప్రకటించారు. 2025లో వచ్చిన టాటా హారియర్ ఈవీలో 65, 75 కిలోవాట్ అవర్ బ్యాటరీలు ఉన్నాయి. వచ్చినప్పుడు చిన్న బ్యాటరీ ధర 21.49 లక్షల నుంచి మొదలైంది, 75ది అంతకంటే ఎక్కువ. ఈక్యూసీలో ఉన్నది 80. అంటే అంత బ్యాటరీ ఈరోజు కొత్త కారులో, పూర్తి వారంటీతో, మన జిల్లాల్లోనే సర్వీసు ఉన్న కంపెనీల దగ్గర నలభై లక్షల లోపే దొరుకుతోంది. అప్పట్లో కోటి పెట్టి కొన్నవాళ్ల కారు విలువ పడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఆ పతనం మీరు కొన్న రోజు ఆగిపోదు. మూడేళ్ల తర్వాత మీరు అమ్మాలంటే శ్రీకాకుళంలో కొనేవాడు దొరకడం కష్టం. మళ్లీ హైదరాబాద్ బ్రోకరే, వాడు చెప్పిందే రేటు.

"కిలోమీటరుకి రూపాయే" అన్నదానికి కరెంటు బిల్లు తీసి చూస్తే చాలు. మన ఏపీఈపీడీసీఎల్ ఇళ్ల టారిఫ్‌లో 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఏసీ ఉన్న ఇంట్లో కారు లేకుండానే నెలకి 250 యూనిట్లు అనుకోండి. నెలకి 1200 కిలోమీటర్లు తిరిగితే, యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు ఇచ్చే నెక్సాన్‌కి దాదాపు 170 యూనిట్లు కావాలి. అంటే 1,500 రూపాయలు. రెండున్నర టన్నుల ఈ-ట్రాన్ యూనిట్‌కి నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. దానికి 300 యూనిట్లు, 2,775 రూపాయలు. కిలోమీటరుకి రెండుంపావలా పైనే. బిల్లులో కలిసే సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. డీజిల్ కారుకి ఇదే దూరానికి ఏడెనిమిది వేలు అవుతుంది కాబట్టి కరెంటే చవక, అందులో అనుమానం లేదు. కానీ ఇప్పుడు మీ దగ్గర ఉన్నది డీజిల్ కారు కాదు, నెక్సాన్. దాన్ని ఇచ్చి దీన్ని తెచ్చుకుంటే కరెంటు ఖర్చు పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇక "ఇంజను లేదు, మెయింటెనెన్స్ లేదు" అన్నమాట. ఈ మెసేజ్ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే జనం నమ్మేది దీన్నే. ఇంజను ఆయిల్ మార్చే పని లేదన్నది నిజం. కానీ కారంటే ఇంజను ఒక్కటే కాదు కదా. ఈ-ట్రాన్‌కి ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది. స్ప్రింగుల బదులు గాలి బెలూన్లు, వాటికి గాలి కొట్టే కంప్రెసర్. రబ్బరు పాతబడి లీకైతే రాత్రి పెట్టిన కారు పొద్దునకి ఒకవైపు కుంగి ఉంటుంది. బ్యాటరీని చల్లబరిచే కూలెంటు వ్యవస్థ ఉంది, రెండేళ్లకోసారి మార్చాల్సిన బ్రేక్ ఫ్లూయిడ్ ఉంది, ఏసీ కంప్రెసర్, ఆన్‌బోర్డ్ ఛార్జర్, తెరలు, కెమెరాలు, సెన్సార్లు ఉన్నాయి. టైర్లు ఇరవై అంగుళాలవి, బరువు మోసే రకం. మన దగ్గర రోడ్డు పక్క టైరు షాపుల్లో ఆ సైజు దొరకదు. వానాకాలంలో పాలకొండ రోడ్డులో గోతుల్లో పడి సైడ్‌వాల్ ఉబ్బితే హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలి. అప్పటిదాకా బండి ఇంట్లోనే.

మా ఊళ్లో ఒక డాక్టరుగారు పోయిన ఏడాది ఇలాగే ఒక లగ్జరీ ఎలక్ట్రిక్ కారు సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నారు. ఒకరోజు పొద్దున్నే తాళం నొక్కితే తలుపు తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీలో సగం పైన ఛార్జ్ ఉంది. పోయింది చిన్నది, 12 వోల్టుల బ్యాటరీ. దాదాపు ఎలక్ట్రిక్ కార్లన్నిటిలోనూ ఇది ఉంటుంది. తాళాలు, కంప్యూటర్లు, పెద్ద బ్యాటరీని కారుకి కలిపే కాంటాక్టర్లు దీనితోనే పనిచేస్తాయి. అది పడుకుంటే కింద ఎంత ఛార్జ్ ఉన్నా కారు కదలదు. తాళంచెవితో తలుపు తీసి, బయటి నుంచి 12 వోల్టులు ఇచ్చి లేపారు. కానీ తెర మీద వరుసగా హెచ్చరికలు. లోకల్ మెకానిక్ చేతులెత్తేశాడు. ఆ కారు నాలుగు చక్రాలకీ మోటార్లు కలిసి ఉంటాయి, తాడు కట్టి లాగకూడదు. ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి ఎక్కించి విశాఖ పంపాల్సి వచ్చింది. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. బ్యాటరీ మార్చి, సాఫ్ట్‌వేర్ సరిచేసి తిరిగి వచ్చేసరికి ఆయన ఆస్పత్రికి ఆటోలో వెళ్లాల్సి వచ్చింది. ఇదే సమస్య నెక్సాన్‌కి వస్తే ఊళ్లో సర్వీస్ సెంటర్ వాళ్లు వచ్చి మార్చేసి వెళ్తారు. దూరం కూడా ఖర్చే. విశాఖలో ఉండేవాళ్లకి ఈ లెక్క వేరు, ఇచ్ఛాపురంలో ఉండేవాళ్లకి వేరు.

ఎనిమిదేళ్ల వారంటీ మాట అబద్ధం కాదు, అసంపూర్ణం. ఆడి, మెర్సిడెస్, జాగ్వార్ మూడూ ఇచ్చింది ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అది కారు మొదట అమ్ముడైన నాటి నుంచి నడుస్తుంది, మీరు కొన్న నాటి నుంచి కాదు. 2021 కారుకి 2029తో సరి. సామర్థ్యం సాధారణంగా 70 శాతం కంటే తగ్గితేనే క్లెయిమ్ చెల్లుతుంది. 75 శాతానికి పడిపోయిన బ్యాటరీని ఎవరూ ఉచితంగా మార్చరు. కింద రాయి తగిలినా, వరద నీళ్లలో మునిగినా అది వారంటీలోకి రాదు. నాగావళి, వంశధార పొంగితే మన ఊళ్ల సంగతి తెలిసిందే. ఇక ఎయిర్ సస్పెన్షన్‌కీ తెరలకీ బ్యాటరీ వారంటీతో సంబంధమే లేదు. ఇంకో విషయం, టాటా పాత 30.2 కిలోవాట్ అవర్ నెక్సాన్ ఈవీకి ఇచ్చింది కూడా అదే ఎనిమిదేళ్లు, 1.6 లక్షల కిలోమీటర్లే. వారంటీ కోసమని మారితే కొత్తగా వచ్చేదేమీ లేదు.

ఛార్జింగ్ దగ్గర మెసేజ్ సగం నిజం చెబుతోంది. రెండు కార్లకీ సీసీఎస్2 అనే ఒకే రకం ఛార్జింగ్ గన్ పడుతుంది, అడాప్టర్ల తలనొప్పి లేదు. ఈ-ట్రాన్ 55 మోడల్ 150 కిలోవాట్ల వేగం తీసుకోగలదు, అంత వేగంతో అరగంటలో 80 శాతం దాకా ఎక్కుతుంది. కానీ అంత ఇచ్చే ఛార్జర్ ఎదురుగా ఉండాలి కదా. భోగాపురం నుంచి పలాస దాకా హైవే మీద నేను వాడినవి ఎక్కువగా 30, 60 కిలోవాట్లవే. 60 అని రాసి ఉన్నచోట కూడా పక్క గన్‌కి ఇంకో కారు తగిలిస్తే చాలాచోట్ల చెరి సగం అయిపోతుంది. 30 కిలోవాట్ల మీద ఈ-ట్రాన్ 55ని పది శాతం నుంచి ఎనభైకి తేవాలంటే రెండు గంటల పైనే. పాత 30.2 కిలోవాట్ అవర్ నెక్సాన్‌కి గంట చాలు.

ఇంట్లోనూ అంతే. 15 ఆంపియర్ల సాకెట్ మీద పాత నెక్సాన్ రాత్రి పెడితే తెల్లారేసరికి నిండిపోతుంది. 95 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న కారుకి అదే సాకెట్ మీద ఒక రోజు దాటుతుంది. 7.2 కిలోవాట్ల ఛార్జర్ పెట్టించుకోవాలంటే మంజూరైన లోడు పెంచుకోవాలి, డిపాజిట్ కట్టాలి, వైరింగ్, ఎర్తింగ్ మార్పించాలి. పెద్ద బ్యాటరీ వల్ల ఒక మేలు మాత్రం ఉంది: శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లి మధ్యలో ఆగకుండా తిరిగి రావచ్చు. పాత నెక్సాన్‌లో ఏసీ వేసుకుని హైవే వేగంలో అది టెన్షనే. ఈ అవసరం వారానికి రెండుసార్లు ఉన్నవాళ్లు కారు మార్చాలనుకోవడంలో తప్పు లేదు. అలాంటప్పుడు పైన చెప్పిన కొత్త కార్లు ముందు నడిపి చూడండి.

ట్యాక్స్ లేదన్నది తప్పు. డీలర్ దగ్గర కొంటే అతని మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ పాత ఎలక్ట్రిక్ కార్లకి కూడా 12 నుంచి ఆ రేటుకి పెంచింది. బిల్లులో విడిగా కనిపించకపోయినా ధరలో కలిసే ఉంటుంది. ఒక వ్యక్తి నేరుగా ఇంకో వ్యక్తికి అమ్మితే మాత్రం జీఎస్టీ పడదు. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం రెండింటికీ ఒకటే. మోటారు శక్తి 65 కిలోవాట్లు దాటిన ఎలక్ట్రిక్ కార్లకి 2022లో నిర్ణయించింది ఏడాదికి 6,712 రూపాయలు, నెక్సాన్ కూడా ఆ కోవలోదే. తేడా అంతా ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం దగ్గర. నలభై లక్షల ఐడీవీ (బీమా కంపెనీ లెక్కలో కారు విలువ) మీద ప్రీమియం పది లక్షల ఐడీవీ మీద కట్టినట్టు ఉండదు. కారుకి ఐదేళ్లు దాటితే జీరో డిప్రిసియేషన్ (పార్టు అరుగుదల పేరుతో క్లెయిమ్ డబ్బు కోయని కవర్) ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. అది లేకపోతే ఒక్క బంపరు, ఒక్క హెడ్‌లైటు దెబ్బకే జేబులోంచి లక్షలు పోతాయి.

ఇంత చెప్పాక కూడా కొనాలనే ఉంటే, మీ డబ్బు మీ ఇష్టం. అడ్వాన్సు ఇచ్చేముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే బ్యాటరీ ఆరోగ్యం పరీక్ష చేయించి కాగితం తీసుకోండి. అమ్మేవాడు ఫోన్‌లో చూపించే స్క్రీన్‌షాట్ పనికిరాదు. కారుని లిఫ్ట్ మీదికి ఎత్తించి బ్యాటరీ కింది పలకకి దెబ్బలున్నాయేమో మీరే చూడండి. సర్వీసు రికార్డు కారు నంబరుతో కంపెనీలో అడిగి తీయించండి. పాత ఓనరు మొబైల్ యాప్ ఖాతా నుంచి కారుని తొలగించేదాకా డబ్బు పూర్తిగా ఇవ్వకండి, లేకపోతే అతని ఫోన్‌లో మీ కారు ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది. తెలంగాణ బండి అయితే ఫారం 28 మీద ఎన్ఓసీ తెచ్చుకోవాలి, లోను ఉండి ఉంటే ఫారం 35 కూడా. వేరే రాష్ట్రం నంబరుతో మన దగ్గర పన్నెండు నెలలకి మించి ఉంచుకోకూడదు, మళ్లీ రిజిస్టర్ చేయించాలి. దానికి ఇక్కడ ఎంత కట్టాలో బేరం కుదరక ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. నెక్సాన్ అమ్మేటప్పుడు నో క్లెయిమ్ బోనస్ లెటర్ అడిగి తీసుకోండి. ఆ బోనస్ కారుది కాదు, మీది. తర్వాత ఏ కారు కొన్నా దాని పాలసీకి వాడుకోవచ్చు.