బొజ్జ పెంచిన పెనం గారికి

మహారాజశ్రీ ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల నాన్‌స్టిక్ దోసె పెనం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుదరడం లేదు. నా కుశలం వంటింటి గోడ మీది పల్లీల చట్నీని అడిగితే చెబుతుంది. మీ కుశలం స్టవ్ మీద బొంగరంలా తిరుగుతోంది.

ఆదివారం. మదనపల్లి నుంచి అమ్మ వచ్చింది. సిలిండర్ శనివారం రాత్రే అయిపోయింది (అదేమిటో, మంగళవారం పొద్దున ఎప్పుడూ అయిపోదు), కాబట్టి ఇండక్షన్ స్టవ్వే గతి. "నువ్వు కూర్చోమ్మా, ఇవాళ దోసెలు నేను పోస్తా" అని గొప్పకు పోయాను. గరిటెడు పిండి మధ్యలో పోసి గుండ్రంగా తిప్పాను. పిండి కదల్లేదు. మీరు కదిలారు. నా గరిటె ఎటు తిరిగితే మీరూ అటే, కుమ్మరి సారెలాగ. రెండో చుట్టులో మీ పిడి పోయి చట్నీ గిన్నెకు తగిలింది.

"ఏరా, పెనం తిరుగుతోందా, నీ తల తిరుగుతోందా?" అంది అమ్మ.

ఎనిమిది నెలల కిందట ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో ఒక షాపులో చూసినప్పుడు మీరు పలకలా చదునుగా ఉన్నారు. సేల్స్ కుర్రాడు మన చిత్తూరు వైపువాడే. "మూడు లేయర్లన్నా, ఇంక జన్మలో పెనం కొనే పని లేదు" అన్నాడు. ఆ మూడు లేయర్లూ ఏమిటని నేను అడగలేదు. 1,850 చెబితే 1,800కి బేరమాడి, గెలిచానని ఇంటికొచ్చాను. ఇవాళ వారంటీ కార్డు వెతికి తీశాను. గీతలు పడినా, మచ్చలు పడినా, రంగు మారినా, అడుగు వంగినా వర్తించదట. మీ పిడి స్క్రూ నెలకోసారి వదులైపోవడం గురించి మాత్రం ఏమీ రాయలేదు. అది బహుశా సదుపాయం కింద లెక్క.

సరే, వంగారు. అడుగు కిందికి బొజ్జలా దిగింది, అందుకే ఆ బొంగరం తిరుగుడు. ఎందుకు వంగారో కూర్చుని లెక్క వేశాను. మీ ఒళ్లు అల్యూమినియం. 30 డిగ్రీల నుంచి 230 డిగ్రీలకు వేడెక్కితే మీరు అడ్డంగా ఒకటింబావు మిల్లీమీటరు పెరుగుతారు. పెరగండి, ఎవరొద్దన్నారు? కానీ ఒళ్లంతా ఒక్కసారి పెరగాలి. ఇండక్షన్ లోపలి తీగచుట్ట మీకంటే బాగా చిన్నది. మధ్యభాగం కాలిపోతుంటే అంచు తీరిగ్గా చల్లగా కూర్చుంటుంది. మధ్యలోది పెరగబోతే అంచు జాగా ఇవ్వదు. ఇక అది పోవాల్సింది పైకో, కిందికో. మీరు కిందికి పోయారు. దీనికి తోడు ఇండక్షన్ కోసమని మీ అడుగున అతికించిన స్టీలు రేకు ఒకటి. వేడికి అది మీరు సాగినదాంట్లో సగం సాగితే ఎక్కువ. అలాంటి కాపురం ఎన్నాళ్లు తిన్నగా ఉంటుంది?

ఇంకొకటి కూడా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తాను.

మా వీధి చివర దర్శినిలో (నిలబడి తినే టిఫిన్ హోటల్) దోసెలు వేసే ఆయన, ప్రతి వాయికీ ముందు పెద్ద పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో ఒక్క ఊపు ఊడుస్తాడు. ఆ ఆవిరి, ఆ చుయ్‌య్ చప్పుడు! దోసె సగం అక్కడే రుచిస్తుంది. అది చూసే నేను పాడయ్యాను. టిఫిన్లు కాగానే, పొగలు కక్కుతున్న మిమ్మల్ని సింకులో పెట్టి కుళాయి తిప్పేవాణ్ణి. చుయ్‌య్. ఒక్కోసారి లోపలినుంచి 'టక్' మని కూడా వినిపించేది. అది మీరు పెట్టిన కేక అని ఇప్పుడు తెలుస్తోంది. దర్శిని పెనం బొటనవేలంత మందం ఇనుము. దాని మీద చెంబుడు నీళ్లు పడితే నీళ్లకే దెబ్బ. మీ మందం 3 మిల్లీమీటర్లు. రేకు మందం రెండింతలైతే వంగకుండా ఆగే బలం ఎనిమిదింతలవుతుంది. నాలుగింతలైతే అరవై నాలుగింతలు. ఆయన చీపురు చూశాను గానీ పెనం మందం చూడలేదు.

అయినా సరే, ఒక్క మాట అడుగుతాను. నువ్వు పెనానివా, పెళ్లికూతురివా? నీళ్లు తగిలితే మెలికలు తిరిగేదానివి వంటింటికి ఎందుకొచ్చావు? డబ్బా మీద 'ఇండక్షన్‌కు అనుకూలం' అని అరచేయంత అక్షరాలు. ఖాళీగా వేడి చేయొద్దని, మంట మధ్యస్థంగా ఉండాలని, చల్లారాకే కడగాలని డబ్బా అడుగున చీమకాళ్లంత అక్షరాలు! ఆ మూడు ముక్కలూ పైన రాసి ఉంటే, నిన్ను 2,000 వాట్లలో ఖాళీగా పెట్టి నేను కాఫీ కలుపుకునేవాణ్ణా? (కలుపుకునేవాణ్ణే. కాఫీ కాఫీయే.)

మధ్యాహ్నం నిద్ర మానేసి, తువ్వాలు పరిచి, నిన్ను బోర్లించి పచ్చడిబండతో బాదాను. కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి "ఏనాయ్తు?" (ఏమైంది?) అన్నారు. బొజ్జ తగ్గలేదు, దాని మీద సొట్టలు అదనంగా వచ్చాయి.

అమ్మ ఇదంతా చూస్తూ ఊరుకుంది. మదనపల్లిలో ఆమె పోత ఇనుము పెనం నాకంటే వయసులో పెద్దది. చిన్నప్పుడు వేడి మీద దానిమీద నీళ్లు పోయబోతే నా చేతి మీద ఒక్కటిచ్చింది. "వంగదురా అది, పగులుతుంది" అంది. ఆ దెబ్బ గుర్తుంది, మాట మర్చిపోయాను.

సాయంత్రం నిన్ను చెత్త సంచిలో వేయబోతే అమ్మే ఆపింది. పొద్దున పాడైన దోసె తుంచి చూసిందట. మధ్యలో మందంగా, మెత్తగా. అంచుల్లో కాగితంలా కరకరలాడుతూ. "దోసెకి పనికిరాదు గానీ ఆపానికి బాగుంటుందిరా" అంది. బియ్యం నానబోసింది. కొబ్బరికాయ నన్ను తెమ్మంది.

రేపు పొద్దున పిండి ఆమె పోస్తుంది. నువ్వు తిరగకుండా పిడి పట్టుకుని నిలబడే పని నాది.

ఇట్లు,
నీ 1,800 రూపాయలవాడు