పిల్లల్ని వేషాలెయ్యనివ్వండి

సెప్టెంబర్ సగం దాటిందంటే చాలు, మా డాలస్ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో బతుకమ్మ రిహార్సల్స్ కబుర్ల మధ్యలో ఒక ప్రశ్న వచ్చి పడుతుంది: "హాలోవీన్‌కి మీ పిల్లలేం వేస్తున్నారు?" అక్టోబర్ 31 సాయంత్రం పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు పుచ్చుకునే అమెరికా పండగ అది. ఆ ప్రశ్న కింద డ్రెస్సుల లింకులే లింకులు. ముప్పై డాలర్లది ఒకటి, నలభై ఐదుది ఒకటి, అమ్మా నాన్నా పిల్లలూ కుక్కపిల్లా అందరూ మ్యాచింగ్‌గా వేసుకునే సెట్టు ఇంకొకటి, "సైజు ఒకటి పెద్దది తీసుకోండి, మావాడికి పోయినేడు నడుం దగ్గర పట్టేసింది" అని ఒక అనుభవజ్ఞురాలి సలహా. అరగంటలో అందరి ఆర్డర్లూ అయిపోతాయి. ఆ డ్రెస్ వేసుకుని పక్కింటి గుమ్మం ముందు నిలబడ్డాక పిల్ల ఏం మాట్లాడుతుంది అని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరు అడగ్గా నేను చూడలేదు.

నేనైతే కొనేముందు అడగాల్సింది ఆ ఒక్కటే అంటాను. ఆ వేషంలో పిల్లకి రెండు ముక్కలు మాట్లాడే పని ఉందా లేదా? ఉంటే పాత దుప్పటి చాలు. లేకపోతే ఐదు డాలర్లకొచ్చినా ఆ ప్యాకెట్ దండగ. పొదుపు పాఠం చెబుతున్నాననుకునేరు, ఆ విషయంలో నాకే ఎవరైనా నేర్పాలి. షికాగోలో ఉన్న రోజుల్లో మావాడికి కండలు కుక్కిన సూపర్‌హీరో డ్రెస్ ఒకటి ముచ్చటపడి కొన్నాం. అక్టోబర్ 31 సాయంత్రానికి బయట చలి ఎముకలు కొరుకుతోంది, డ్రెస్ మీద మందపాటి జాకెట్ వేసి మెడదాకా జిప్పు లాగేసింది వాళ్లమ్మ. నలభై డాలర్లు పెట్టి వాడు ఆ రాత్రంతా నీలం జాకెట్ వేషంలో తిరిగాడు.

లెక్కలు కావాలంటే ఇవిగో. 2023లో హాలోవీన్ మీద అమెరికన్లు పెట్టబోయే ఖర్చు 1,220 కోట్ల డాలర్లని ఇక్కడి దుకాణదారుల సంఘం నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అంచనా వేసింది, అందులో కాస్ట్యూముల వాటాయే 410 కోట్లు. ఆ ఏడాది 26 లక్షల మందికి పైగా పిల్లలు స్పైడర్‌మ్యాన్ అవుతారని కూడా ఆ సర్వేలోనే తేలింది. మా వీధిలోనే పదకొండు మందిని లెక్కపెట్టాను. అందులో ఒక్కడు కూడా వేళ్లు మడిచి "ష్‌ష్" అనలేదు, గోడ వంక కన్నెత్తి చూడలేదు. "ట్రిక్ ఆర్ ట్రీట్" అని గొణిగి, సంచి చాపి, థాంక్యూ చెప్పి పక్కింటికి పోయారు. బుద్ధిమంతులు, వాళ్లననడానికేమీ లేదు. వాళ్లు చెయ్యాల్సిన పనంతా డ్రెస్సే చేసేస్తోంది మరి.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. న్యూయార్క్‌లో 1937లో మొదలైన బెన్ కూపర్ అనే కంపెనీ కొన్ని దశాబ్దాల పాటు అమెరికా పిల్లలకి అట్టపెట్టెల్లో వేషాలు అమ్మింది. పెట్టె తెరిస్తే పల్చటి ప్లాస్టిక్ మొహం, దాన్ని తలకి తగిలించుకోవడానికి రబ్బరు దారం, కింద వేసుకోవడానికి గౌను లాంటిదొకటి. తమాషా ఏమిటంటే చాలావాటిలో ఆ గౌను మీద, సరిగ్గా రొమ్ము దగ్గర, ఆ పాత్ర పేరూ బొమ్మా అచ్చేసి ఉండేవి. ఏ పాత్రయినా తన పేరూ తన ఫొటోనూ రొమ్మున అంటించుకుని ఊరేగుతుందా? కానీ వ్యాపారానికి అది భలే పనికొచ్చింది. "ఎవరు బాబూ నువ్వు?" అని గుమ్మంలో పెద్దమనిషి అడగక్కర్లేదు, కుర్రాడు చెప్పక్కర్లేదు. చదువుకుని చాక్లెట్ ఇచ్చేస్తే సరి. ఇప్పటి కుట్టు బాగుండొచ్చు, బట్ట మెరవొచ్చు, పని మాత్రం అదే.

అంతకుముందు ఈ పండగ ఇలా లేదు. స్కాట్లాండ్, ఐర్లాండ్ ఊళ్లలో పిల్లలు పాత బట్టలు చుట్టుకుని, మొహానికి మసి పూసుకుని ఇంటింటికీ వెళ్లి పాటో పద్యమో జోకో వినిపించి ఆ తర్వాతే పండో కేకో చిల్లరో పుచ్చుకునేవారు. దాన్ని గైజింగ్ అంటారు. అది సముద్రం దాటి ఉత్తర అమెరికా చేరి, 1920ల నాటికి కెనడా పత్రికల్లో "ట్రిక్ ఆర్ ట్రీట్" అన్న మాటగా కనిపించి, మిఠాయి పెట్టకపోతే అల్లరి చేస్తామన్న బెదిరింపుగా తయారైంది. రెండో ప్రపంచయుద్ధంలో చక్కెర రేషన్ వల్ల కొన్నాళ్లు చప్పబడింది, తర్వాత చాక్లెట్ కంపెనీలు అందుకున్నాయి, ఇదంతా మీకు తెలిసిన కథే. నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. అయోవాలోని డెమోయిన్‌లో, మిస్సోరీలోని సెయింట్ లూయిస్‌లో ఈనాటికీ పిల్లలు జోకు చెబితేగానీ చాక్లెట్ చేతిలో పడదు. జోకు పరమ చెత్తగా ఉన్నా ఫర్వాలేదు, చెప్పాలంతే. డెమోయిన్‌లో ఈ సంబరాన్ని "బెగ్గర్స్ నైట్" అంటారు, ఎన్నో ఏళ్ల పాటు అక్టోబర్ 30నే జరిపేవారు. ఆ ఊళ్లో కాపురం పెట్టిన తెలుగు పిల్లల్ని అడిగి చూడండి, డ్రెస్ కంటే ముందు జోకు వెతుక్కుంటారు. సరిగ్గా నేను చెప్పే క్రమం అదే.

ఇక్కడే నాకు మన కూచిపూడి గుర్తొస్తుంది. నాట్యం మాట అటుంచండి, ఆ ఊరి భాగవతుల కుటుంబాలకి పగటివేషాల్లో కూడా అంతే పేరు. తెర లేదు, రంగస్థలం లేదు, పట్టపగలు వీధిలో, రోజుకో వేషం చొప్పున, బుడబుక్కలవాడనీ సోమయాజులూ సోమిదేవమ్మ అనీ ఇళ్ల ముందుకొచ్చి నిలబడేవాళ్లు. అర్ధనారీశ్వరుడి వేషమైతే ఒకే మనిషి, ఒక పక్క శివుడు ఇంకో పక్క పార్వతి, మధ్యలో గుడ్డ అడ్డం పెట్టుకుని ఇటు తిరిగితే మగ గొంతు, అటు తిరిగితే ఆడ నడక. ఊళ్లో రకరకాల మనుషుల యాస, నడక, అతిశయం పట్టుకుని వాళ్ల ఎదుటే వాళ్లని ఆడిపోసుకుంటే, తిట్టించుకున్నవాడే నవ్వి శేరు బియ్యం ఎక్కువ పోసేవాడు.

ఇంకా చవకైనది కావాలంటే పిట్టలదొరని చూడండి, తెలంగాణలో తుపాకి రాముడంటారు. ఒక వెలిసిపోయిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. మొత్తం సరంజామా అంతే, ఇవాళైనా ఏ ఇంట్లో వెతికినా దొరుకుతుంది. కానీ నోరు తెరిచాడంటే ఆకాశానికి నిచ్చెన వేస్తాడు, లేని జాగీర్లు రాసిస్తాడు, చంపని పులుల లెక్క చెబుతాడు, చివరికి ఆ కోతలన్నీ కోసి పాతచొక్కా ఒకటి ఇప్పించమంటాడు. నోరు కదపకపోతే గింజ రాలదు. ఇంటింటికీ వేషం వేసుకుపోయి ఏదో ఒకటి పుచ్చుకు రావడమనే పని మనకి అమెరికావాడు నేర్పాలా చెప్పండి?

పిల్లల సంగతి కూడా అంతే. దసరాకి అయ్యవారి వెంట బడిపిల్లలు విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, అయ్యవారికి వరహాలు తమకి పప్పు బెల్లాలు ఇమ్మని పద్యాలు పాడేవాళ్లు. మా నాన్నమ్మ చెప్పేది, పద్యం తప్పిన పిల్లాడికి గుప్పెడు తగ్గేదని. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలోనైతే కుటుంబాలకి కుటుంబాలే మొక్కు తీర్చుకోవడానికి వేషాలు కడతాయి, బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని ఏ రోజు వేషం ఆ రోజుది. బండవేషం వేసినవాడు ఎంత పెద్దమనిషి కనిపించినా నోటికొచ్చినట్టు తిట్టాల్సిందే, అది ఆ వేషం ధర్మం. తిట్టకుండా కుంకుమ పూసుకుని ఊరికే నడిచిపోతే దాన్ని బండవేషమని ఎవరూ అనరు.

సరే, అవతలివాళ్ల మాట కూడా వినాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఈ తీరికెక్కడిది, మూడేళ్ల పిల్లకి డైలాగులేమిటి, సిగ్గరి పిల్లల గతేంటి, అసలు మన పండగే కానిదానికి ఇంత రాద్ధాంతమా అంటారు. తీరిక మాట ఒప్పుకోను, లింకులు స్క్రోల్ చేసిన గంటలో అరడజను మాటలు నేర్పొచ్చు. మూడేళ్ల పిల్ల పిల్లి అయితే మ్యావ్ అంటే చాలు. సిగ్గరి పిల్లల విషయంలో మాత్రం మీరనుకునేదానికి నా అనుభవం తిరగబడి ఉంది: మామూలుగా నోరు విప్పనివాడు మొహానికి ఒక మాస్కు దొరికితే గర్జిస్తాడు. అసలే మాట్లాడలేని పిల్లలుంటారు, వాళ్లకి గుమ్మం దగ్గర ఎవరూ పరీక్ష పెట్టకూడదు, ఆ ఇంగితం చాక్లెట్ ఇచ్చేవాడికి ఉండాలి.

మనవాళ్లలో ఇంకో అలవాటుంది, పుట్టినరోజుకి కుట్టించిన లంగా ఓణీయో కృష్ణాష్టమి పింఛమో తీసి "ఇండియన్ ప్రిన్సెస్" అని పంపించెయ్యడం. మన బట్టలు మనం వేసుకుంటే తప్పేమీ లేదు. 2016లో పసిఫిక్ దీవుల దేవుడు మావి పేరుతో డిస్నీ ఒక డ్రెస్ అమ్మింది, గోధుమరంగు చర్మంలా ఒళ్లంతా కప్పే బట్ట, దాని మీద పచ్చబొట్లు. ఆ దీవుల జనం మా ఒంటిని కూడా అమ్ముతారా అని తిరగబడితే వెనక్కి తీసుకుంది. అదీ ఇదీ ఒకటి కాదు. కానీ ఏ దేశపు ప్రిన్సెస్, పేరేంటి, ఏం చేసింది అంటే పిల్ల నేల చూపులు చూస్తే మాత్రం ఆ లంగా కూడా ప్యాకెట్ డ్రెస్సే. అదే రుద్రమదేవి అని చెప్పి పంపండి. కాకతీయ సింహాసనం మీద ఆడపిల్ల, శాసనాల్లో రుద్రదేవ మహారాజనే మగ పేరు, మగవేషంలో పెరిగిందని ఊరూరా చెప్పుకునే కథ. వేషంలో ఇంకో వేషం! ఎనిమిదేళ్ల పిల్ల చేతికి అట్టకత్తి ఇచ్చి ఆ మూడు ముక్కలు చెప్పండి, అది వీధంతా ఏలుకొస్తుంది.

అసలు గొడవ హాలోవీన్‌తో కాదని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. మన భాషలో వేషం అనే మాటకి పట్టిన గతి చూడండి. పిల్లాడు కాస్త అల్లరి చేస్తే "వేషాలెయ్యకు" అంటాం. రాజకీయ నాయకుడు ఇంకో నాయకుణ్ణి తిట్టాలంటే "పగటివేషగాడు" అంటాడు, కోతలు కోసేవాణ్ణి పిట్టలదొర అంటాడు. తరతరాలుగా నోటిమాట మీద బతికిన కళాకారుల పేర్లని తిట్లుగా మార్చేసుకున్న జాతి మనది. ఆ తర్వాత అదే ఇంట్లో పిల్లకి ఐదో క్లాసు నుంచే కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసు, నెలకి ఇన్ని డాలర్లు. స్పెల్లింగ్ బీలో పలకలేని మాటకి అక్షరాలు చెబుతారు, అబాకస్‌లో చేతులు తిప్పుతారు, పక్కింటి తలుపు కొట్టి తెలియని మనిషితో అర నిమిషం సరదాగా మాట్లాడమంటే అమ్మ వెనక దాక్కుంటారు. స్కూల్ ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో అట్ట టమాటా తగిలించుకుని "ఐ యామ్ టమాటా, ఐ యామ్ రెడ్" అని అప్పజెప్పిన తరం మాది. ఆ రెండు ముక్కలూ అమ్మ రాసి బట్టీ పట్టించినవే, టమాటాకి ఏమనిపిస్తుందో మమ్మల్ని ఎవడడిగాడు? ఇప్పుడు హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో కూడా హాలోవీన్ మొదలైంది, అక్కడా మళ్లీ అవే ప్యాకెట్లు. లిఫ్టు దగ్గర లైను కట్టి ఫ్లాటు ఫ్లాటుకీ బెల్లు కొట్టి సంచులు చాపడం. ఆ ఊళ్లో తుపాకి రాముడు ఇంకా దొరుకుతాడు బాబూ, పిల్లల దగ్గరికి ఒక సాయంత్రం పిలిపించి, మర్యాదగా డబ్బులిచ్చి, కోతలు కొయ్యడం నేర్పించండి, ఏ పర్సనాలిటీ క్లాసూ దాని ముందు నిలవదు.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. పోయినేడు మా అమ్మాయికి నేను ఏ లింకూ చూపించలేదు. మా మామగారు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. దసరా నుంచి ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో తాతా మనవరాలూ ఏదో గుసగుసలాడుకునేవాళ్లు. తీరా చూస్తే నా పాత ఖాకీ చొక్కా మోకాళ్ల దాకా వేలాడుతూ, భుజాన వాళ్లమ్మ పాత హ్యాండ్‌బ్యాగ్, చెవి మీద పెన్ను, మెడలో విజిల్. కాగితాలు చింపి టికెట్లు కూడా తయారు చేసుకుంది. బెల్లు కొట్టడం, తలుపు తియ్యగానే "టికెట్, టికెట్" అనడం, వాళ్లు తెల్లబోతుంటే ఒక చాక్లెట్ ఛార్జీ అని చెప్పి చీటీ చింపి చేతిలో పెట్టడం, రెండు చాక్లెట్లు ఇస్తే "చిల్లర లేదు, దిగేటప్పుడు తీసుకోండి" అనడం, వెళ్లేముందు విజిల్ ఊది "రైట్ రైట్"! నాలుగో ఇంట్లో ఒక పెద్దాయన, టెక్సాస్ దాటి ఎప్పుడూ బతకనివాడు, టికెట్ అటూ ఇటూ తిప్పి చూసి ఈ బస్సు ఎక్కడికి వెళ్తుందమ్మా అని అడిగాడు. ఇది తాతయ్య నేర్పలేదు, నేనూ నేర్పలేదు. మా పిల్ల ఒక్క క్షణం వీధి వైపు చూసి, ఇప్పుడప్పుడే ఎక్కడికీ వెళ్లదు, డ్రైవర్ ఇంకా టీ తాగుతున్నాడు అని చెప్పింది.