ఐస్‌క్రీం వారి సేవలో

మాది నల్లగొండ జిల్లా, కట్టంగూరు దగ్గర ఒక పల్లె. పదహారేళ్లుగా ఫ్రిజ్ బండి నడుపుతున్నాను. వెనక పెట్టెలో ఐస్‌క్రీం వారు ఉంటారు, ముందు క్యాబిన్‌లో నేనుంటాను. మధ్యలో నాలుగంగుళాల నురుగు గోడ. గోడకు అటువైపు మైనస్ 18 డిగ్రీలు, ఇటువైపు మే నెల. అంత కచ్చితంగా గీసిన సరిహద్దును నేనింకెక్కడా చూడలేదు.

ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. పదహారేళ్లు దొరగారి పల్లకీ మోసిన బోయీకి దొరగారి అలవాట్లు తెలిసినట్టు నాకూ కొన్ని తెలిశాయి. అవి నలుగురికీ చెప్పి, చివర్లో ఒక చిన్న విన్నపం చేసుకుంటాను.

ముందుగా స్వాగత సత్కారాలు. మా బండి సరుకును చల్లబరుస్తుందని చాలామంది అనుకుంటారు. అది ఉన్న చల్లదనాన్ని కాపాడుతుంది, అంతే. అందుకని వారు వేంచేయకముందే ఖాళీ పెట్టెను చల్లబరిచి ఉంచాలి. లోడు కోసం గోడౌను ముందు నాలుగు గంటలో, ఆరు గంటలో వరుసలో నిలబడతాం. ఖాళీ పెట్టె చల్లగా, నేను వేపచెట్టు కింద. వేపచెట్టు నీడ కోసం నాకన్నా ముందు వచ్చిన డ్రైవర్లు ఉంటారు కాబట్టి నాకు దొరికేది దాని కొమ్మల చివర. అప్పుడు గోడౌను తలుపు తెరుచుకుని, నడి వేసవిలో స్వెటరు, మంకీ క్యాప్ వేసుకున్న సూపర్‌వైజరు బయటికి వస్తాడు. చేతిలో సూది థర్మామీటరు. దాన్ని అట్టపెట్టెల మధ్య గుచ్చి, అంకె రాసుకుని, సంతకం పెట్టమని కాగితం నా ముందు ఉంచుతాడు. నా చెమటచుక్క దాని మీద పడితే కసురుకుంటాడు. కాగితం తడవకూడదు కదా.

నా ఒంటి వేడిని కూడా ఒక కాలంలో కొలిచారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రతి గేటు దగ్గరా తుపాకీ లాంటి యంత్రాన్ని నా నుదుటికి గురిపెట్టి, 'ముప్పై ఆరున్నర, వెళ్లు' అనేవారు. ఎంత గౌరవంగా అనిపించేదో! మరుసటి ఏడాది టీకాలు వచ్చాయి. కొవిషీల్డ్, కొవాగ్జిన్ రెండింటినీ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలన్నారు. అంటే టీకాకు ఆరు డిగ్రీల వెసులుబాటు ఉంది. మనిషికి ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే జ్వరం, నాలుగు పెరిగితే ఆసుపత్రి. లెక్క ప్రకారం ఈ బండిలో అందరికన్నా సున్నితమైన సరుకును నేనే. కరోనా పోయాక ఆ తుపాకీ మళ్లీ అట్టపెట్టెల వైపు తిరిగింది.

ఇప్పుడు ఒక చిన్న భౌతికశాస్త్ర పాఠం. పెట్టెలోంచి తోడేసిన వేడి ఎక్కడికి పోతుంది? యంత్రం పెట్టె ముందు గోడకు, సరిగ్గా నా క్యాబిన్ నెత్తిన బిగించి ఉంటుంది. ఐస్‌క్రీం వారు వద్దనుకున్న వేడినంతా అది అక్కడే బయటికి వదులుతుంది. కింద ఇంజను, పైన వారి నిట్టూర్పు. కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర వరుస కదలనప్పుడు, 45 డిగ్రీల ఎండలో, స్టీరింగుకు తడి తువ్వాలు చుట్టుకుని కూర్చుంటాను. తువ్వాలు ఆరిపోయిన లెక్కన ఎంతసేపు ఆగామో చెప్పగలను.

యంత్రానికి ఒక మంచి అలవాటు ఉంది. కొన్ని గంటలు పనిచేశాక కాసేపు చల్లబరచడం మానేసి, తన గొట్టాల మీద పేరుకున్న మంచును కరిగించుకుంటుంది. ఆ కాసేపూ లోపల వేడి కొద్దిగా పెరుగుతుంది, ఓనరు ఫోనులో గంట మోగుతుంది, ఓనరు నాకు ఫోను చేస్తాడు.

"ఎందుకు పెరిగింది?"

"యంత్రం మంచు కరిగించుకుంటోంది సార్."

"సరే, కరిగించుకోనీ. నువ్వెందుకు ఆపావు బండి?"

"అయిదు గంటలైంది సార్, కాస్త నడుము..."

"దానికి, నీ నడుముకు సంబంధం ఏమిటి?"

సంబంధం ఉంది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. యంత్రం విశ్రాంతిని దాని తీగల్లో రాశారు, నాది చట్టంలో రాశారు. తీగలో రాసింది జరుగుతుంది. ఆ మాటకొస్తే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ అనుమతి పత్రం, ఈ-వే బిల్లు, నాకన్నా అదృష్టవంతురాలు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దానికి గడువిస్తారు. హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు కాబట్టి దానికి రెండు రోజులు. నాకు ఒక రాత్రి.

ఆ రాత్రయినా పడుకుందామని నార్కట్‌పల్లి దాటాక ఏ దాబా ముందో ఆపితే, యంత్రం ఆగకూడదు కాబట్టి నెత్తి మీద దడదడలాడుతూనే ఉంటుంది. పక్క బండ్ల డ్రైవర్లు మంచాల మీద నుంచి మా వంశాన్ని తలుచుకుంటారు. ఈ బాధ తెలిసిన దయామయులు కొందరు ఓనర్లు ఉన్నారు. 'రాత్రిపూట చలే కదా, ఆపేయి, తెల్లవారుజామున వేసుకో' అంటారు. దీని పేరు డీజిల్ పొదుపు. మీరు మూత తీసిన ఐస్‌క్రీం పైన మంచు పలుకులు కనిపించి, నాలుక మీద కరకరలాడితే, అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అనుమానించవచ్చు. ఎక్కడో ఒక డ్రైవరు ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రపోయి ఉండవచ్చు కూడా.

ప్రభుత్వం మమ్మల్ని మరిచిపోయిందని అనను. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మూడున్నర టన్నులు దాటిన ప్రతి లారీకీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని నిబంధన వచ్చింది. నా బండి అంతకు తొమ్మిదేళ్ల ముందు పుట్టింది. తొందరపడింది. ఏసీ ఉంటే డ్రైవరు నిద్రపోతాడని వాదించే పెద్దలు ఉన్నారు. వేడికి కళ్లు తిరిగి స్టీరింగు మీద వాలడాన్ని వారు ఏ ఖాతాలో వేస్తారో అడగాలని ఉంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది క్లుప్తంగానే ఉంటుంది. మా జిల్లా బత్తాయికి పేరు. కాయ కోసిన దగ్గర నుంచి దాని ధర రోజూ మారుతుంది, పెరిగిన రోజులూ ఉంటాయి. చివరి అక్షరం లేని బత్తా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పెట్టెలో రెండు డిగ్రీలు తేడా వస్తే అందులోనే కోత.

ఇక విన్నపం. దయచేసి డ్రైవరును కూడా పాడైపోయే సరుకుల జాబితాలో చేర్చండి. బిల్టీలో, అంటే లారీ సరుకు రసీదులో, ఐస్‌క్రీం అట్టపెట్టెల కింద ఇంకొక వరుస రాస్తే చాలు: డ్రైవరు, ఒకటి, ఎండ తగలకుండా నిలువ చేయవలెను. మొన్న ధైర్యం చేసి ఇదే మాట సూపర్‌వైజరుతో అన్నాను. నవ్వలేదు. మంకీ క్యాప్ సర్దుకుని నిజంగానే ఆలోచించాడు.

"సరుకంటే గడువు తేదీ ఉండాలి కదా. నీకెక్కడుంది?"

"లైసెన్సు మీద ఉంది సార్. అయిదేళ్లకోసారి కొత్తది వేస్తారు."

"ఎన్ని డిగ్రీల్లో ఉంచాలి?"

ఎవరూ అడగని ప్రశ్న అది. నేను జవాబు వెతుక్కునే లోపే అతని చూపు నా తల మీదుగా బండి వైపు పోయింది.

"ముందు పోయి తలుపు సరిగ్గా వేయి. లోపల మైనస్ 16 చూపిస్తోంది."