ఉక్కు వినతిపత్రానికి టైపు చేసినవాడు రాయునది

కూర్మన్నపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి విశాఖ ఉక్కు వినతిపత్రానికి,

ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమ సమాచారాలే తెలియడం లేదు. చివరిసారి నిన్ను పేపర్లో చూశాను, మూడో పేజీలో. ఒక చివర మా నాయకుడి చెయ్యి, ఇంకో చివర మంత్రిగారి చెయ్యి, మధ్యలో పెళ్లి పీటల దగ్గర పట్టుకున్న అడ్డుతెరలాగా నువ్వు. ఇచ్చేవాళ్లు నిన్ను చూడట్లేదు, తీసుకునేవాళ్లూ నిన్ను చూడట్లేదు. ఇద్దరూ కెమెరా వైపే చూస్తున్నారు. మంత్రిగారి భుజం మీది శాలువా అంచు జారి నీ మీద పడింది. సరిగ్గా 'సొంత గనులు' అన్న లైను మీద.

చిరంజీవి అని ఊరికే అనలేదు. ఇన్నేళ్లలో ఫర్నేసులు ఆగాయి, ఉక్కు మంత్రులు మారారు, ఇక్కడ ప్రభుత్వమూ మారింది. నువ్వు మాత్రం తేదీ ఒక్కటి మార్చుకుని ప్రతి పార్లమెంటు సమావేశాలకీ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతున్నావు.

నేనెవరో గుర్తుపట్టావో లేదో. కూర్మన్నపాలెం జంక్షన్‌కి కాస్త ఇవతల జిరాక్స్, డీటీపీ, లామినేషన్ అని బోర్డు ఉంటుంది చూడు, ఆ షాపు నాదే. నువ్వు పుట్టింది నా కంప్యూటర్లోనే. 'స్టీల్ లెటర్', 'స్టీల్ లెటర్ ఫైనల్', 'స్టీల్ లెటర్ ఫైనల్ కరెక్షన్', 'స్టీల్ లెటర్ ఇదే ఫైనల్' అని నీ ఫోల్డర్ నిండా నీ అవతారాలే. ఆఖరున 'స్టీల్ లెటర్ వాడొద్దు' అని ఒకటుంది. ఎక్కువసార్లు ప్రింటు తీసింది దాన్నే.

నీ పుట్టిన నక్షత్రం కూడా చెబుతాను. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ, ఈ ప్లాంటులో తన వాటా నూటికి నూరు శాతం అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ కబురు మా ఊరికి చేరిన సాయంత్రమే మా నాయకుడి పీఏగారు బండి స్టాండు కూడా వేయకుండా, "తమ్ముడూ, అర్జెంటు, సార్‌కి పొద్దున్న ఫ్లైట్" అంటూ లోపలికొచ్చారు. అప్పుడు ఉక్కు మంత్రి ధర్మేంద్ర ప్రధాన్. ఆర్నెల్లు తిరిగేసరికి ఆర్‌సీపీ సింగ్. ఇంకో ఏడాదికి జ్యోతిరాదిత్య సింధియా. 2024లో కుమారస్వామి. నలుగురికీ నువ్వే వెళ్లావు. నేను చేసిందల్లా ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టడమే. ఒకసారి తొందరలో ఒక మంత్రిగారి పేరు పక్కన 'గారు' రెండుసార్లు పడింది. ఇక్కడ సంతకం పెట్టినవాళ్లు అడగలేదు, అక్కడ అందుకున్నవాళ్లూ అడగలేదు. నిన్ను పూర్తిగా చదివిన మనిషిని నేనొక్కణ్ణేనేమో అన్న అనుమానం నాకు ఆ రోజే మొదలైంది.

ఇంకో ఇంటి గుట్టు. నీకు ఒక కవల ఉన్నాడు. ఢిల్లీకి వెళ్లే నువ్వు ఇంగ్లీషు, పేపరువాళ్లకి వెళ్లే వాడు తెలుగు. నీలో 'దయతో పరిశీలించగలరని వినయపూర్వకంగా మనవి' అనే అర్థం వచ్చే ముక్క ఉంటుంది. సరిగ్గా అదే చోట వాడిలో 'కేంద్రాన్ని గట్టిగా నిలదీశారు' అని ఉంటుంది. రెండూ ఒకే కీబోర్డు మీద, ఒకే టీ తాగుతూ కొట్టాను. వాడేమో ఇక్కడ మీసం మెలేస్తాడు, నువ్వు అక్కడ చేతులు కట్టుకుని నిలబడతావు.

మన ఎంపీలు సభలో మాట్లాడలేదని అనను. మాట్లాడారు. జీరో అవర్‌లో మాట్లాడారు, 377వ నిబంధన కింద చదివారు, ప్లకార్డులూ పట్టుకున్నారు. విశాఖ ఎంపీ అడిగిన ప్రశ్నకి 2021 మార్చి 8న లోక్‌సభలో ఆర్థిక మంత్రి రాతపూర్వకంగా జవాబిచ్చారు. రాష్ట్రానికి ఈ కంపెనీలో వాటాలు లేవు, మా వాటా నూరు శాతం అమ్ముతాం, ఇదీ దాని సారాంశం. వాటాలు లేవట! అరవై నాలుగు ఊళ్లు ఖాళీ చేసి, వేల ఎకరాలిచ్చి, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు చేతిలో పెట్టుకుని ఉద్యోగం పిలుపు కోసం ఎదురుచూస్తూ ముసలాళ్లైపోయినవాళ్లు మా షాపుకి ఇప్పటికీ వస్తుంటారు, ఆ కార్డు జిరాక్స్ తీయించుకోవడానికి. మడతల దగ్గర చిరిగి, టేపు వేసి, ఆ టేపు కూడా పసుపు పచ్చగా మారిన కార్డు. దాన్ని అద్దం మీద పెట్టి మూత వెయ్యాలంటే నాకు చేతులు వణుకుతాయి. షేరు సర్టిఫికెట్ అంటే ఎలా ఉంటుందో నేను చూడలేదు కానీ, అదే అనుకునేవాణ్ణి.

నీకంటే ముందు మీ వంశంలో పెద్దలున్నారు, వాళ్ల సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. 1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్నప్పుడు డీటీపీ షాపులు లేవు. అమృతరావు గారు ఈ ఊళ్లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. పోలీసు కాల్పుల్లో ముప్ఫై రెండు మంది పోయారు. తెన్నేటి విశ్వనాథం లాంటివాళ్లు ఊరూరా తిరిగారు, పదుల సంఖ్యలో ప్రజాప్రతినిధులు పదవులు వదిలేశారు. అప్పుడు కదిలి, 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ లోక్‌సభలో ప్రకటన చేశారు. మరుసటి ఏడాది శంకుస్థాపన. దాన్ని పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేసేసరికి 1992 ఆగస్టు వచ్చింది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లాడికి అప్పటికి పెళ్లీడు వచ్చేసింది.

మన కాలంలోనూ రాజీనామా జరగకపోలేదు. 2021 ఫిబ్రవరిలో గంటా శ్రీనివాసరావు గారు ఉక్కు కోసం ఎమ్మెల్యే పదవికి రాజీనామా ఇచ్చారు. అది ఆమోదం పొందింది 2024 జనవరిలో. అంటే దాదాపు మూడేళ్లు ఆయన రాజీనామా చేసిన ఎమ్మెల్యేగా కొనసాగారు, ఆమోదం వచ్చేసరికి అసెంబ్లీ ఎన్నికలు గుమ్మంలో ఉన్నాయి. ఆ రాజీనామా లేఖ పడుకున్న సొరుగులోనే నీకూ ఒక మూల దొరికితే, ఇద్దరూ కబుర్లు చెప్పుకుని ఉండేవాళ్లు.

ఇక నీ కడుపులో ఏముందో మాట్లాడుకుందాం. ఎన్ని అవతారాలెత్తినా నీ డిమాండ్లలో కదలనిది ఒకటుంది: ప్లాంటుకి సొంత ఇనుప గని. అప్పటి ముఖ్యమంత్రి 2021 ఫిబ్రవరిలో ప్రధానికి రాసిన లేఖలోనూ అదే అడిగారు, అప్పుల్ని వాటాగా మార్చమనీ అడిగారు. టన్ను ఉక్కు తీయాలంటే టన్నున్నరకి పైగా ఖనిజం కావాలి. టాటాకి గనులున్నాయి, సెయిల్‌కి గనులున్నాయి. మనవాళ్లు కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర బజారు ధరకి కొనుక్కోవాలి. పక్క హోటల్లో భోజనం కొనుక్కొచ్చి మెస్సు నడిపేవాడికి నెలాఖరుకి ఏం మిగులుతుందో మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. ఢిల్లీలో మాత్రం మెస్సు ఓనరుకి వ్యాపారం చేతకాదన్నారు.

అరకు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు చూసే ఉంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి ఎర్రమట్టి రంగు ఖనిజం నింపుకుని గూడ్సు బళ్లు దిగుతుంటాయి. అరవైల్లో ఆ లైను వేసిందే జపాన్‌కి ఖనిజం పంపడానికి. కొండలు తొలిచి, సొరంగాలు తవ్వి, రైలు వేసి, విశాఖ రేవులో ఓడెక్కించి, సముద్రాల అవతలికి ఖనిజం పంపగలిగాం. ఆ కొండలో ఒక ముక్క మా ప్లాంటు పేరు మీద రాయడం మాత్రం ఎవరి చేతా కాలేదు. మధ్యలో 2011లో ఒక ముచ్చట జరిగింది. ఒడిశాలో గనులున్న బర్డ్ గ్రూపు కంపెనీల్లో మనవాళ్లు వాటా కొన్నారు. గనులొచ్చాయని సంబరపడేలోగా తెలిసిందేమిటంటే, అనుమతులు లేక అవి మూతపడి ఉన్నాయి. తాళం కొన్నాం, తలుపు కొన్నాం, లోపలికి వెళ్లే దారి కొనడం మర్చిపోయాం.

ఇది చాలదన్నట్టు మన ప్లాంటు డబ్బుతో ఉత్తరప్రదేశ్‌లో, రాయ్‌బరేలీ జిల్లా లాల్‌గంజ్‌లో రైలు చక్రాల ఫ్యాక్టరీ కట్టారు. ఇక్కడి నుంచి అక్కడికి ఎన్ని వందల కిలోమీటర్లో నువ్వే లెక్కేసుకో. అక్కడి నుంచి వెళ్లిన వినతిపత్రాన్ని ఏ షాపులో టైపు చేశారో కనుక్కుని చెప్పు. ఫాంటు మారుద్దాం.

నిజం ఒప్పుకోవాలి, నీవల్ల అసలేమీ కాలేదని కాదు. 2025 జనవరి 17న కేంద్ర మంత్రివర్గం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. అందులో 10,300 కోట్లు వాటా పెట్టుబడి, మిగతా 1,140 కోట్లు పాత వర్కింగ్ క్యాపిటల్ అప్పుని షేర్లుగా మార్చడం. ఆ సాయంత్రం నా షాపులో నిలబడటానికి చోటు లేదు. వరసగా మూడు గ్రూపులొచ్చాయి. మూడింటికీ ఒకటే ఫ్లెక్సీ కావాలి: వెనక మండుతున్న ఫర్నేసు, ముందు నాయకుడి నిలువెత్తు బొమ్మ, కింద 'ఉక్కు సాధకుడికి పాలాభిషేకం'. ఉక్కు ఒకటే, సాధకులు ముగ్గురు. ఆ వెనక పెట్టిన ఫర్నేసు కూడా మనది కాదు, నెట్‌లో దొరికింది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మన ఫర్నేసుల ఫోటో ఒక్కళ్ల ఫోన్లోనూ లేదు.

వాటి సంగతి వస్తే నాకు నవ్వు రాదు. అంతకు నాలుగు నెలల ముందే, 2024 సెప్టెంబరులో, మూడింటిలో ఒక్కటే మండుతోంది. బ్లాస్ట్ ఫర్నేసు అంటే గ్యాస్ స్టవ్ కాదు, నాబ్ తిప్పి ఆర్పి పొద్దున్నే మళ్లీ వెలిగించడానికి. కోక్ ఓవెన్ చల్లారితే లోపలి ఇటుకలు పగులుతాయి. మా షాపుకొచ్చే ఒక రిటైర్డ్ ఫోర్‌మన్ గారు రాత్రిళ్లు డాబా మీదికెక్కి ప్లాంటు వైపు ఆకాశం చూసేవారు. ఎర్రగా ఉంటే పడుకునేవారు, నల్లగా ఉంటే మళ్లీ మెట్లు దిగి టీవీ పెట్టేవారు. ఆయనకి టీవీలో కనిపించేది నువ్వే.

పాలాభిషేకాల సందడిలో ఒక మాట ఎవరికీ వినపడలేదు. ప్యాకేజీ ఇచ్చారు కానీ, 2021 నాటి అమ్మకం నిర్ణయం రద్దు అన్న మాట అందులో లేదు. గని మాటా లేదు. అప్పిచ్చినవాళ్లు గుమ్మంలో వరసకట్టి ఉన్న ఇంటికి డబ్బొస్తే ఎంతసేపు నిలుస్తుంది? మర్నాడే నీ ఫైలు తెరిచి, డిమాండ్లలో 'ఆర్థిక ప్యాకేజీ' అన్న లైను తీసేసి, దాని స్థానంలో 'ప్యాకేజీ ఇచ్చినందుకు కృతజ్ఞతలు' అని చేర్చమన్నారు. చేర్చాను. సొంత గని లైను అలాగే ఉంది. అది నీలో పుట్టుమచ్చ.

నా షాపులోంచి రోడ్డు మీదికి చూస్తే దీక్షా శిబిరం. 2021 ఫిబ్రవరి 12న మొదలయ్యాయి రిలే నిరాహార దీక్షలు. టార్పాలిన్ టెంటు, కిరాయి కుర్చీలు, గోలెం నీళ్లు. బోర్డు మీద 'దీక్షలు ఇన్నో రోజు' అని పెట్టే అంకె నా దగ్గరే ప్రింటు తీసేవాళ్లు, రోజుకో ఏ4 కాగితం. 2023 నవంబరులో వెయ్యో రోజు వచ్చింది. నాలుగంకెలు పక్కపక్కన పట్టక ఫాంటు సైజు తగ్గించాను. "తగ్గించేవేంటి బాబూ, పెరిగిన రోజు చిన్నగా కనిపిస్తోంది" అని ఒక పెద్దాయన అన్నారు. అడ్డంగా తిప్పి మళ్లీ తీసిచ్చాను. ఆ కాగితాలకి డబ్బులు తీసుకోలేదు. నీకు తీసుకున్నాను, పేజీకి ముప్ఫై. కలర్ లెటర్‌హెడ్ అయితే ఎక్కువ.

అన్నట్టు నీకో తమ్ముడు పుట్టబోతున్నాడేమో, జాగ్రత్త. నక్కపల్లి దగ్గర ఆర్సెలర్ మిట్టల్ నిప్పన్ స్టీల్ వాళ్ల కొత్త ప్లాంటు వస్తుందంటున్నారు, మంచిదే, ఉద్యోగాలొస్తే కాదనేదెవరు. కానీ వాళ్ల పని కోసం ఢిల్లీ వెళ్లే కాగితాన్ని మా షాపులో టైపు చేయించరు. అలాంటివి శాలువా కప్పకుండా, ఫోటో తీయకుండా వెళతాయట. అందుకేనేమో తొందరగా చేరతాయి. నువ్వు కూడా ఒకసారి శాలువా లేకుండా వెళ్లి చూడకూడదా?

ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసేసరికి పీఏగారు ఫోన్ చేశారు. సమావేశాలు మొదలవుతున్నాయట, సార్‌కి పొద్దున్న ఫ్లైట్. "పాతదే తమ్ముడూ, తేదీ మార్చు చాలు" అన్నారు. ఎన్ని కాపీలు అని అడిగాను.

"మంత్రిగారికి ఒకటి, ప్రెస్‌కి పాతిక."

ఇట్లు,
నీ మేలుకోరే
డీటీపీ ఆపరేటర్

జతపరచినవి: శాలువా 1, శ్రీవారి ఫోటో 1, లడ్డూలు 2. గని: జతపరచలేదు.