అన్నీ మీ నాయనే చూసుకుంటాడు

రెండో శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మా నాయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. అనంతపురంలో చూసిన డాక్టరు "బెంగళూరు తీసుకుపోండి, ఆలస్యం చేయొద్దు" అన్నాడు. 200 కిలోమీటర్ల పైచిలుకు దారి. ప్రైవేటు అంబులెన్సు డ్రైవరు డోరు పట్టుకొని నిలబడి, ముందు డబ్బులు ఇమ్మన్నాడు.

మాది లేనోళ్ల ఇల్లు కాదు. అదే నా కడుపుమంట. ఐదెకరాల శెనక్కాయ చేను ఉంది, రాత్రికి రాత్రి ఎవరు కొంటారు? అమ్మ గాజులు, గొలుసు పంట లోను కోసం బ్యాంకులో కుదవలో ఉన్నాయి. చీటీ ఇంకా పాడలేదు. రెండు లక్షల డిపాజిట్ ఉంది, నాయన ఒక్కడి పేరు మీద. ఫోన్‌పే కూడా ఉంది. ఆయన ఎడమ చేత్తో ఫోను లాక్ తీయబోయి గీత గీశాడు. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి చెయ్యి దించేశాడు. అమ్మను అడిగితే ఒకటే మాట: "నాకేం తెలుసురా, అన్నీ మీ నాయనే చూసుకుంటాడు."

చివరికి వీధిలో వడ్డీకిచ్చే ఆయన దగ్గర లక్ష తెచ్చాను, నూటికి మూడు రూపాయలు. ఏడాదికి 36 వేలు. మా డిపాజిట్ మీద లక్షకు బ్యాంకు ఇచ్చేది అందులో నాలుగో వంతు కూడా లేదు!

యూట్యూబులో సూటు వేసుకున్నాయన ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాడు. వాన చూసుకొని విత్తనం వేసేవాళ్లం, మాకు ఏ ఆరు నెలలు స్వామీ? నేను అంత పెద్ద మాట అనను. అంబులెన్సుకు, మొదటి రోజు ఖర్చుకు ఓ ముప్పై వేలు ఇంటి ఆడమనిషి ఖాతాలో ఉండాలి. కార్డు ఆమె చేతిలో ఉండాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయినా ఆస్పత్రి గేటు బయట ఖర్చు మనదే కదా.

"బ్యాంకులో ఇన్సూరెన్స్ కట్ అవుతోందిలే" అనుకునేవాళ్లు ఒకసారి పాసుబుక్కు తీసి చూడండి. ఏడాదికి 20 రూపాయలు పోతుంటే అది ప్రమాదానికి మాత్రమే. 436 పోతుంటే మనిషి పోయాకే రెండు లక్షలు. 50 దాటినవాళ్లను అందులో కొత్తగా చేర్చుకోరు, మా నాయనకు 58. వయసున్నవాళ్లు రెండూ కట్టుకోండి, కాదనను. కానీ పక్షవాతం వస్తే ఆస్పత్రి బిల్లుకు వాటి నుంచి పైసా రాదు.

ఇంట్లో ఇవి మాట్లాడదామంటే అమంగళం అంటారు. నామినీ అనే మాట ఎత్తినందుకు మా పెద్దత్త ఆస్పత్రి వరండాలోనే నా మీద అరిచింది.

నాయన ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నాడు. పోయిన వారం అమ్మ మొదటిసారి ఏటీఎంలో ఐదొందలు తీసింది. వెనకాల నిలబడిన నన్ను "అట్ల జరుగు, పిన్ను కొడుతున్నా" అని పక్కకు నెట్టింది.