సవరణ: వన్‌డ్రైవ్ లింక్ ఒక్కరికే పంపితే చాలదు

పోయిన వారం పోస్టులో తప్పు రాశాను. యూనివర్సిటీ వన్‌డ్రైవ్‌లో (ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే చోటు) ‘ఎనీవన్’ లింక్ తయారుచేసి బయటివాళ్లలో ఒక్కరికే పంపితే భద్రమే అన్నాను. కాదు. ఆ లింక్ ఎవరి చేతిలో పడితే వాళ్లకి ఫైలు తెరుచుకుంటుంది.

ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో మన తెలుగు నోలియా జాలర్లు వేట గురించి, అప్పుల గురించి నన్ను నమ్మి చెప్పిన మాటల ఆడియోలు నా దగ్గరున్నాయి. వాటిని బరంపురం నుంచి శ్రీకాకుళంలో టైపు చేసే ఆవిడకి అలాగే పంపాను. పని తెమలక ఆవిడ ఇంకొకరికి ఫార్వర్డ్ చేశారు. ఆ మూడో మనిషి ఫోన్ చేసి, “ఈ అమ్మ గొంతు నాకు తెలుసండీ” అనేసరికి నా చేతులు చల్లబడ్డాయి. ఆ అమ్మకి నేను ఇచ్చిన మాట అది కాదు.

‘ఎనీవన్’ బదులు, మనుషుల్ని పేరుపేరునా ఎంచుకునే ఆప్షన్ నొక్కి అవతలివారి ఈమెయిల్ ఇవ్వండి. అప్పుడు లింక్ చేతులు మారినా, ఆ ఈమెయిల్ తమదేనని నిరూపించుకున్నవాళ్లకే ఫైలు తెరుచుకుంటుంది. బయటివాళ్లకి పంపడం కుదరకపోతే ఐటీ విభాగం ఆపి ఉండొచ్చు, అడగండి.

లింక్‌కి గడువు తేదీ పెడితే ఫైలు వాళ్ల దగ్గర కూడా పోతుందన్నాను, అదీ తప్పే. లింక్ పనిచేయడం ఆగుతుంది, అంతే. ముందే డౌన్‌లోడ్ చేసుకున్న కాపీ వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది.